చింతపండుతో తోమిన పేరు

ఈ మధ్య పిల్లలు కొందరు నన్ను వెతుక్కుంటూ హిందూపురం వస్తున్నారు. పాత ఫ్రెంచి సైన్యపు బ్యాడ్జీలు, బొత్తాలు, టోపీ బిళ్లలు కొనడం, అవి ఎవరివో, ఎక్కడివో, ఏ దారిన ఇక్కడికి చేరాయో ఆరా తీయడం నేను బతుకంతా చేసిన పని. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని మా వీధిలోనే సగం మందికి తెలియదు. 'పాత బిళ్లల పద్మమ్మ' అంటే మాత్రం ఎవరైనా ఇల్లు చూపిస్తారు. వచ్చిన పిల్లలు కాఫీ తాగి, ఫోను తీసి, ఒక ఫోటో చూపించి, "మేడమ్, ఇది ఒరిజినలేనా?" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఫోటోకు బరువుండదు, వాసనుండదు. వీళ్లు పంపే ఫోటోల్లో వెనకవైపు ఎప్పుడూ ఉండదు. వెనకవైపు చూడని వస్తువు గురించి నోరు విప్పకూడదని నాకు మొదటి రోజే నేర్పారు.

అయినా పాపం వాళ్లను కసిరి పంపడం బాగుండదని ఇది రాస్తున్నాను. ఎవరు నాకు శాలువా కప్పారు, ఏ ఎగ్జిబిషన్‌లో నా పేరు చదివారు అనేవి ఇందులో ఉండవు. మూడు నాలుగు సంగతులు రాస్తాను. వాటిలో పెనుకొండది ఒకటి నన్ను ఇప్పటికీ వదలలేదు. నిజం చెప్పాలంటే దానికోసమే కూర్చున్నాను.

నేను ఇందులో ఎలా పడ్డాను

మా నాయనకు హిందూపురం బజారులో ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. కొత్త బిందె కొనేవాళ్లు పాతదాన్ని తూకానికి వేసి పోయేవారు. అలా వచ్చిన పాత ఇత్తడి వెనక గదిలో కుప్పగా పడి ఉండేది. ఇరవై ఆరేళ్లకు నా భర్త పోయాడు. పుట్టింటికి వచ్చేశాను. మా నాయన మంచివాడే, ఒక్క మాట అనేవాడు కాదు. కానీ బోణీ వేళకు నేను అంగడి ముందుకు రాకూడదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది. వెనక గదిలో కూర్చుని పాత ఇత్తడి వేరుచేసే పని నాకు నేనే తీసుకున్నాను.

ఆ కుప్పలో ఒకరోజు ఒక బొత్తాం దొరికింది. దాని మీద గుండ్రటి బాంబు, పైన మంటలు. అది ఫ్రెంచి కాల్బలం గుర్తని అప్పుడు నాకేం తెలుసు? పక్కన పెట్టాను. తర్వాత లంగరు గుర్తున్నది, వలస దేశాల్లో ఉండే వాళ్ల దళాలది, ఇంకొకటి వచ్చింది. అది కూడా డబ్బాలో వేశాను.

బెంగళూరు నుంచి శేషాద్రి గారని ఒకాయన ఏడాదికి రెండుసార్లు మా వైపు అంగళ్లన్నీ తిరిగేవారు. పాత సైనిక చిహ్నాల వ్యాపారం ఆయనది. అప్పటికే ఆయనకు మోకాళ్లు పట్టేశాయి. నా డబ్బా చూసి, లంగరు బొత్తాం వెనక్కి తిప్పి, అద్దం పెట్టి చాలాసేపు చూసి, "ఎందుకు పక్కన పెట్టినావమ్మా దీన్ని?" అన్నారు.

"కరిగించబుద్ధి కాలేదు సార్" అన్నాను.

ఆ ఒక్క మాటకే నాకు పని ఇచ్చారు. రాయలసీమ ఊళ్లన్నీ తిరిగి వస్తువులు చూసి రావడం నా పని. మా వాళ్లు గొడవ చేస్తారనుకున్నాను, చెయ్యలేదు. మొగుడు పోయినదాని చేతికి కుంకుమ భరిణె ఇవ్వడానికి జంకేవాళ్లు కూడా చచ్చిపోయిన సిపాయి బొత్తాం ఇవ్వడానికి జంకరు కదా. కొంత కోపంతోనే ఈ పనిలోకి వచ్చాను. కోపం తర్వాత తగ్గింది, పని మిగిలింది.

మనది ఫ్రెంచివాళ్లు ఏలిన సీమ కాదు, ఇక్కడ ఇవన్నీ ఎక్కడివని పిల్లలు అడుగుతారు. రెండు దారులున్నాయి. పాండిచ్చేరి వైపు ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన కుటుంబాలు ఉన్నాయి. వియ్యాలు అందుకుంటే పెట్టెలతో పాటు వాళ్ల సామాన్లూ ఇటు వస్తాయి. రెండోది, పెద్ద యుద్ధాలప్పుడు బెంగళూరు దండులో చేరి ఓడెక్కిన మనవాళ్లు ఫ్రాన్సు నుంచి జేబులో వేసుకొచ్చినవి. మూడో దారి కూడా ఒకటుంది. అది ఏదో ఒక ఊళ్లో పోతపోసి మనకు అంటగట్టే సరుకు.

టిప్పు పేరు ఎత్తితే లేచి వచ్చేయండి

పెనుకొండ కోట ఉన్నంత కాలం టిప్పు సుల్తాను దగ్గరి ఫ్రెంచి దొరల బిళ్లలు దొరుకుతూనే ఉంటాయి. అన్నీ కోట గోడ పక్కన పునాది తవ్వుతుంటేనే బయటపడతాయి, అదేం విచిత్రమో. నేను పనిలో చేరిన కొత్తలో ఒకాయన నాకు అలాంటిదే ఒకటి చూపించాడు. వాళ్ల తాత కల, కలలో కనబడిన తెల్లదొర, తవ్వితే వచ్చిన బిళ్ల. వింటూ విస్తుపోయాను. బెంగళూరు తీసుకెళ్లి ఆ కథంతా శేషాద్రి గారికి ఊపిరి ఆడకుండా చెప్పాను.

ఆయన బిళ్లను వెనక్కి తిప్పి నా ముందు పెట్టారు. వెనక ఉన్నది బడిపిల్లల చొక్కాలకు పెట్టే పిన్నీసు.

"కథ బాగుంది. బిళ్ల చెప్పేది మాత్రం వేరే" అన్నారు. "వస్తువు ఎంత చెప్తే అంతే చెప్పు పద్మా. ఒక ముక్క ఎక్కువ వద్దు, ఒక ముక్క తక్కువ వద్దు."

మనిషి కోపిష్టి, పిసినారి, నా టీకి కూడా లెక్క అడిగేవాడు. కానీ ఆ మాట మాత్రం నేను కొంగున ముడేసుకున్నాను. ఇన్నేళ్లలో టిప్పు కాలపు ఫ్రెంచి బిళ్ల నికరమైనది నా కంట పడలేదు. మీ కంట పడితే సంతోషమే, కాకపోతే ముందు వెనక్కి తిప్పండి.

ధర్మవరంలో బూడిద

ధర్మవరంలో పాత పట్టుచీరలు కొనేవాళ్లు వీధుల్లో తిరుగుతుంటారు. ఆ చీరలు తగలబెట్టి జరీలోని వెండి తీస్తారు. తప్పేమీ లేదు, అది వాళ్ల బతుకు. ఆ ఊరికి కోడలుగా వచ్చిన పాండిచ్చేరి అమ్మాయి ఒకామె నాకు ఫోను చేసింది. వాళ్ల ముత్తాత ఫ్రెంచి సైన్యంలో ఆఫీసరట. ఆయన భుజకీర్తులు, బంగారు తీగల కుచ్చులతో జత, తన పెట్టెలో ఉన్నాయట. నేను రేపు వస్తానన్నాను. ఆ రోజు మా ఇంట్లో ఏదో వ్రతం, వంటకు మనిషి లేదని ఆగిపోయాను.

మర్నాడు వెళ్లేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు జరీ ఆయన వచ్చాడు. అత్తగారు పాత చీరలతో పాటు తీగల కుచ్చులున్న ఆ రెండింటినీ కూడా వేసేసింది. ఆవిడ కంటికి అవి జరీయే. ఆ కంటితో చూస్తే జరీయే కదా మరి.

ఆటో ఎక్కి వెతుక్కుంటూ పోయాను. జరీ ఆయన పెరట్లో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "బో బాగొచ్చిందక్కా యెండి, అట్లాంటి జరీ ఇప్పుడు నేసేవాళ్లు లేరు" అని సంబరంగా చెప్పాడు. లంగరు గుర్తున్న బొత్తాం ఒకటి కాలకుండా మిగిలింది. దాన్ని తీసుకెళ్లి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. ఎవరిని తిట్టాలో తెలియక ఇద్దరం ఊరికే కూర్చున్నాం. మన పనిలో వస్తువులు దొంగల చేతిలో పోయేవి తక్కువ, మంచివాళ్ల చేతిలో పోయేవే ఎక్కువ. అందుకే రేపు వస్తానని ఎవరికీ చెప్పకండి, అప్పుడే బయల్దేరండి.

పెనుకొండ బిళ్ల

ఇక అసలు సంగతి. నేను పని మానేయడానికి కొన్నేళ్ల ముందు జరిగింది. పెనుకొండ నుంచి నరసింహులు అనే కుర్రాడు ఫోను చేశాడు. కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. "అక్కా, మా ముత్తాతకు ఫ్రాన్సులో ఇచ్చిన మెడల్ ఉండాది. మా అవ్వ నీకు చూపించమంటాండాది" అన్నాడు. ధర్మవరం పాఠం గుర్తుంది కాబట్టి ఆ పూటే రైలెక్కాను.

కొండ కింది వీధిలో రెండు గదుల ఇల్లు. నరసింహులు అవ్వ పేరు లింగమ్మ. తొంభైకి దగ్గరపడిన మనిషి, చెవులు చురుకు, చూపు కాస్త మందం. దేవుని గూట్లోంచి చిన్న బుట్ట తీయించింది. పసుపు గుడ్డ విప్పితే అందులో నల్లదారం కట్టిన బిళ్ల. కోడిగుడ్డు ఆకారం, పాత రూపాయి కంటే కాస్త పెద్దది, పైన ఒక రంధ్రం. అద్దంలా మెరిసిపోతోంది. మా వైపు చాలా ఇళ్లలో చనిపోయిన పెద్దలను ఇలా బిళ్లల్లో నిలుపుకుని కొలుస్తారు.

చూడగానే తెలిసిపోయింది. అది మెడల్ కాదు. ఫ్రెంచివాళ్లు ఏ మెడల్ కూడా అలా చెయ్యరు. కానీ ఏమీ అనకుండా ముందు ఆమె చెప్పేది, మొదటి పెద్ద యుద్ధం నాటి సంగతి, విన్నాను.

"మా అత్త కడుపుతో ఉండంగ మా మామ బెంగుళూరు దండులో చేరినాడంట. ఆయప్ప, పక్కింటి హనుమంతుడు, ఇద్దరూ పోయినారు. తుపాకి పట్టే పని గాదు తల్లీ. మోసేది, తవ్వేది, పీనుగుల్ని పూడ్చేది. ఓడెక్కి ఫ్రాన్సుకు పోయినారు. హనుమంతుడు ఒగడే తిరిగొచ్చినాడు" అంది లింగమ్మ.

"వచ్చి ఏం చెప్పాడు?"

"ఏమీ చెప్పలేదంట. ఈ బిళ్ల మా అత్త చేతిలో పెట్టి కూలబడి ఏడ్చినాడంట. ఇంకేముండాది? పదోనాడు మా అత్తకు గాజులు పగలగొట్టి బొట్టు తుడిసినారు. ఆయమ్మకు అప్పుడు ఇరవై ఏండ్లు గూడ నిండలే."

ఊరు మాత్రం ఊరుకోలేదు. చచ్చిపోయి ఉంటే సర్కారు నుంచి కబురు రావాలి కదా, రాలేదు. ఎక్కడో ఇంకొకదాన్ని కట్టుకుని సుఖంగా ఉన్నాడని అన్నారు. చచ్చేదాకా ఆ మాట పడిందట లింగమ్మ అత్త. "ఆ బిళ్ల మీద రాసిండేది ఎవురితోనైనా చదివించే లింగమ్మా, నా మొగుడు పారిపోలేదని తేల్చు" అని కోడలి చేత చేతిలో చెయ్యి వేయించుకుందట.

"మా కాలంలో సదివేవాళ్లు లేకపోయిరి. సదివే పిల్లోళ్లు పుట్టినాక సూపిస్తే, ఆడ అచ్చరాలే కనపడలేదనిరి. నేను పొయ్యేలోపల ఆ మాట తేల్చు తల్లీ. నాకు ఇంగేమీ వద్దు."

అక్షరాలు ఎందుకు కనబడలేదో ఆ మెరుపే చెబుతోంది. అయినా అడిగాను.

"అమావాస్య అమావాస్యకు తోముతాము గదమ్మా" అంది. "చింతపండు, ఇటిక పొడి ఏసి తోముతాము. మా అత్త తోమింది, నేను తోమినా, ఇప్పుడు మా నరసింహులు పెండ్లాం తోముతాది. మురికిగా పెడితే పెద్దోళ్లకు కోపం రాదా?"

రాయలసీమలో నేను చూసిన ఇత్తడి, వెండి, జర్మన్ సిల్వరు అంతా ఇలాగే మెరుస్తుంది. బ్యాడ్జి వెనక తయారీదారు ముద్ర, సైనికుడి నంబరు, ఊరు పేరు, మనకు కావలసినవన్నీ ఆ మెరుపు కిందే పోతాయి. తోమినవాళ్లను ఒక్క మాట అనలేం. తోమకుండా పెట్టెలో పడేసి ఉంటే వాళ్లకు ఆ మనిషి మీద ప్రేమ లేదనే కదా అర్థం.

తలుపులు, కిటికీ వేయించి గది చీకటి చేశాను. టార్చి వెలుగు బిళ్ల మీద నేరుగా కాకుండా పక్కనుంచి పడేలా పట్టుకోవాలి. అరిగిపోయిన గీతలకు కూడా అప్పుడు కాస్త నీడ వస్తుంది. చాలాసేపు చూశాను. గీతలున్నాయని తెలుస్తోంది, అవి అక్షరాలని తెలుస్తోంది, ఏ అక్షరాలో తెలియలేదు. అప్పుడు దారం ముడి మీద చూపు పడింది. రంధ్రం పక్కన ఎన్నో ఏళ్లుగా ఒకేచోట ఆనుకుని ఉన్న ముడి. దారం మారినప్పుడల్లా ముడి మళ్లీ అక్కడే పడేది. దాని కింద చింతపండు చేరి ఉండదు.

"అవ్వా, దారం విప్పొచ్చా?" అని అడిగాను. ఆమె దండం పెట్టుకుని తనే విప్పింది.

ముడి కింద గోరంత చోటు నల్లగా, తోమకుండా మిగిలింది. అందులో ఒక పేరు చివర ఉంది. 'ఇయెన్' అని ముగిసే పేరు. జూలియెన్ కావచ్చు, లూసియెన్ కావచ్చు, అద్రియెన్ కావచ్చు. ఫ్రాన్సులో ఇంటికొకడుండే పేర్లు.

అది ఫ్రెంచి సిపాయి మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ల. ఒకవైపు పేరు, రెండోవైపు ఊరు, నంబరు. యుద్ధంలో చచ్చిపోతే శవం మీద నుంచి దాన్ని తీసి ఆఫీసుకు పంపితే అక్కడి నుంచి ఇంటికి కబురు వెళ్తుంది. ఇది ఆఫీసుకు చేరలేదు. పెనుకొండ చేరింది. అంటే ఆ పిల్లవాడిని పేరు లేని గుంతలో పూడ్చి ఉంటారు. వాళ్లమ్మకు ఏ కబురూ వెళ్లి ఉండదు.

ఆ రోజు నేను ఏమీ చెప్పలేదు. ఆరా తీయాలి, కొంత టైము కావాలి అన్నాను. లింగమ్మ నా చెయ్యి పట్టుకుని, "తొందరగా సూడు తల్లీ, నాకు టయిము లేదు" అంది.

చెప్పాలా వద్దా

పాండిచ్చేరిలో ఫ్రెంచి రికార్డులు చూసిపెట్టే పెద్దాయన ఒకరున్నారు. నంబరు గానీ, ఊరి పేరులో సగమైనా గానీ ఉంటే ప్రయత్నించవచ్చు, పేరు తోకతో ఏమీ చెయ్యలేమన్నారు. లింగమ్మ మామ గురించి కూడా అడిగాను. మూటలు మోయడానికి పోయిన కూలీల పేర్లు అన్నీ ఎవరు రాసిపెట్టారమ్మా అన్నారు.

శేషాద్రి గారు అప్పటికి మంచం పట్టి ఉన్నారు. ఫోనులో అంతా చెప్పాను.

"చెప్పొద్దు పద్మా" అన్నారు. "నువ్వు నోరు మూసుకుంటే అది ఆ ఇంటి పెద్దమనిషి. నోరు తెరిస్తే ఎవరిదో పీనుగు."

"వస్తువు ఎంత చెప్తే అంత చెప్పమన్నది మీరే కదా సార్?"

"అది కొనేవాళ్లకు" అన్నారు. "ఆమె కొనడం లేదు కదా."

ఆయన జీవితంలో నాకిచ్చిన మెత్తటి సలహా అదొక్కటే. దాన్ని నేను వినలేదు. నేను మొండిదాన్నని కాదు. లింగమ్మ నన్ను ఆ బిళ్ల ఏమిటో చూడమనలేదు, తన మామ పారిపోయాడా చచ్చాడా తేల్చమంది. మెడల్ అని చెబితే ఆమె నమ్మేది, ఊరంతా చాటేది, సంతోషంగా పోయేది. కానీ అడిగిన మనిషి కళ్లలోకి చూసి కథ అల్లడం చేతనైతే నేను టిప్పు బిళ్లలు అమ్ముకుని మేడలు కట్టి ఉండేదాన్ని. చేసింది సరేనా అని నన్ను ఇప్పుడు అడిగితే సరే అంటాను. నిద్ర పట్టిందా అని మాత్రం అడగొద్దు.

గాజులు

మళ్లీ పెనుకొండ వెళ్లాను. లింగమ్మ, నరసింహులు, అతని భార్య గంగాదేవి ముగ్గురూ ఉన్నారు. మెల్లగా, ఒక్కొక్క ముక్కా చెప్పాను. ఇది మెడల్ కాదవ్వా. మీ మామది కాదు. ఆ దేశపు పిల్లవాడిది, యుద్ధంలో పోయినవాడిది. మీ మామ గురించి ఇది ఏమీ చెప్పదు, ఉన్నాడనీ చెప్పదు, పోయాడనీ చెప్పదు.

లింగమ్మ విన్నది. బిళ్లను అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"మరి మా అత్త గాజులు ఎవురికోసం పగలగొట్టినారు తల్లీ?"

నాకు పగలగొట్టిన రోజు గుర్తొచ్చింది. నాకు కనీసం ఎవరికోసమో తెలుసు, ముందు శవం ఉంది. ఆ పిల్లకు ఇరవై కూడా నిండకుండా ముక్కూ మొహం తెలియని పరాయివాడి బిళ్ల చూపించి అన్నీ తీసేశారు. అవతల మొగుడు బతికే ఉన్నాడేమో కూడా ఎవరికీ తెలియదు. అక్కడే, వాళ్ల ముందే, ఏడ్చేశాను. ఆరా తీయడానికి వెళ్లిన ఇంట్లో అలా ఎప్పుడూ ఏడవలేదు.

లింగమ్మ ఏడవలేదు. ఆమె బాధ ఇంకో దారిన పోయింది.

"పెద్దల అమావాస్యకు ఈ బిళ్ల ముందరే గదా ఆకేసి అన్నం పెడతాండేది. పెండ్లయి వచ్చినప్పటి నుంచి పెడతాండా. అదంతా ఈ పిల్లోడు తిన్యాడా? మా మామకు ఎవురు పెట్టినారు? ఇన్నేండ్లూ ఆయప్ప పస్తుండాడా?"

నరసింహులుకు కోపం వచ్చింది. "ఆ హనుమంతుడు ఇంత అబద్ధమాడినాడా? యాడనో దొరికిన బిళ్ల తెచ్చి మనకిచ్చినాడా?" అని లేచాడు.

లింగమ్మ చెయ్యెత్తి ఆపింది. "కూసోరా. హనుమంతుణ్ణి నువ్వు సూడలేదు, నేను సూసినా. ముసిలోడైనాక గూడ పెద్దల అమావాస్యకు వస్తాండె. అరుగు మీద కూసుంటాండె. లోపలికి రాడు. ఆకేసి తినప్పా అంటే, నాకు దిగదు లింగమ్మా అనేటోడు. మా అత్తను సూసి తలకాయ వంచుకోని యేడ్చేటోడు. ప్రతి ఏడూ అట్లనే. నేను ఏమి అనుకుంటినంటే, స్నేహం అట్లాంటిదిలే అనుకుంటి."

మళ్లీ తనే అంది. "పారిపోయినోని కోసం ఎవురూ అట్ల యేడ్వరు. మా మామ పొయ్యేది హనుమంతుడు కండ్లారా సూసినాడు. తెచ్చేదానికి ఏమీ మిగిలిండదు. వట్టి చేతుల్తో ఎట్ల వస్తాడు, ఆయప్ప తల్లి ముందరికి, పెండ్లాం ముందరికి? పూడ్సిన వాళ్లల్లో ఒగని మెడలోది తెచ్చినాడు. ఇంతే."

ఇది రుజువు కాదు. శేషాద్రి గారి ముందు పెడితే పక్కకు తోసేవారు. ఇంకెవరైనా చెప్పి ఉంటే నేనూ తోసేదాన్ని. ఆ రోజు తోయలేదు. కానీ మీరు అడిగితే, తేలింది అని మాత్రం నేను చెప్పను. లింగమ్మకు తేలింది. ఆమె అత్త అప్పటికి లేదు.

"అక్కా, ఇది మన ఇంట్లో ఎందుకు? వాళ్ల దేశానికే పంపించేద్దామా?" అన్నాడు నరసింహులు.

లింగమ్మ మనవడి వైపు చూసింది. "ఎవురికని పంపిస్తావురా? పేరు మనమే తోమేస్తిమి గదరా."

గంగాదేవి మొహం చేతుల్లో దాచుకుంది. ఆ అమ్మాయే కదా ఈ మధ్య తోముతున్నది. ఆమె భుజం మీద చెయ్యి వేసి, నువ్వు పుట్టకముందే పోయిందమ్మా పేరు అన్నాను. అది నిజమే, కానీ ఆ నిజం ఆమెకు పెద్దగా పనికిరాలేదు.

పెద్దల అమావాస్య

ఆ ఏడు పెద్దల అమావాస్యకు నన్ను రమ్మన్నారు. వెళ్లేసరికి గంగాదేవి వంట ముగించి ఉంది. బిళ్లను ఈసారి తోమలేదు, తడిగుడ్డతో తుడిచారంతే. ఇక తుడిచినా తోమినా పెద్ద తేడా లేదు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

లింగమ్మ రెండు ఆకులు వేయించింది. ఒక ఆకు బిళ్ల ముందు. రెండో ఆకు ముందు ఏమీ లేదు, బిళ్ల లేదు, పటం లేదు, వట్టి గోడ. అన్నం, పప్పు, వడలు రెంటిలో సమంగా వడ్డించారు.

"ఆ దేశమోళ్లు యేమి తింటారు తల్లీ?" అని నన్ను అడిగింది.

"రొట్టె అవ్వా. మన జొన్నరొట్టె కాదు, బేకరీలో చేసేది."

"ముందే చెప్పకూడదా? ఇన్నేండ్లు ఒట్టి అన్నం పెడితిమే పిల్లోనికి" అని నన్నే కోప్పడి, నరసింహులును బజారుకు తరిమింది. వాడు బేకరీ నుంచి బన్ను తెచ్చాడు. దాన్ని బిళ్ల ముందున్న ఆకులో పప్పు పక్కన పెట్టింది. అందరం నవ్వాం. నవ్వుతూనే నేను కొంగు కళ్లకు అద్దుకున్నాను.

తర్వాత ఆమె చేతులు జోడించింది. మా వైపు కోడళ్లు మామ పేరు నోటితో పలకరు. ఖాళీ గోడ వైపు తిరిగి, "మామా, ఇన్నాళ్లకు నీకు ఆకేసినా, తప్పు పట్టుకోవద్దు, రా" అంది. బిళ్ల వైపు తిరిగి, "నాయనా, నువ్వు గూడ రా. మీయమ్మ యాడుందో, ఆయమ్మకు మేము కబురు పంపించలేకపోతిమి" అంది. ఆ ఇద్దరిలో ఒకరికి పేరు ఉండీ పలకకూడదు, ఇంకొకరికి పలుకుదామన్నా లేదు.

పిల్లలూ, మీరు ఈ పనిలోకి వస్తే ఎవరి ఇంట్లోనైనా మెరిసే బిళ్ల కనబడితే ముందు దారం విప్పి చూడండి. తోమొద్దని చెప్పండి, కానీ గట్టిగా అరవకండి. చెప్పాల్సింది చెప్పాక వెంటనే లేచి వచ్చేయకండి. నేను ఆ అమావాస్యకు వెళ్లకపోయి ఉంటే నా పని సగంలోనే ఆగిపోయేది.

ఇప్పుడు నేను ఎక్కడికీ తిరగడం లేదు. శేషాద్రి గారు పోయారు. నా డబ్బాలోని మొదటి బొత్తాలు రెండూ నా దగ్గరే ఉన్నాయి, ఇప్పటికీ అమ్మలేదు. పోయిన ఏడాది లింగమ్మ కూడా పోయింది. కబురు తెలిసినా మోకాళ్ల వల్ల వెళ్లలేకపోయాను. శేషాద్రి గారి జబ్బు నాకు అంటుకుంది.

మొన్న పెద్దల అమావాస్య రోజు మధ్యాహ్నం నరసింహులు ఫోను చేశాడు. వెనకాల గంగాదేవి ఎవరినో ఆకులు తుడవమని కేకేస్తోంది.

"తిన్యావా అక్కా?" అన్నాడు.

"తిన్నానబ్బా. మీ ఇంట్లో అయిందా?"

"అయితాంది. బన్ను మర్సిపోలేదులే" అన్నాడు. గంగాదేవికి ఏదో బదులు చెప్పి మళ్లీ ఫోనులోకి వచ్చాడు. "ఈ తూరి మూడాకులు ఏసినామక్కా."